పాత సెప్టిక్ ట్యాంక్ మార్చుకోవడానికి గవర్నమెంట్ డబ్బులిస్తుందా?

మీ ప్రశ్న చదివాను. కావలి దగ్గర పల్లెలో ఇల్లు, ట్యాంక్ 1998లో నాన్నగారు కట్టించింది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే బాత్రూంలో నీళ్ళు దిగవు, వెనక సందులో వాసన. మేస్త్రీ వచ్చి చూసి మొత్తం పగలగొట్టి కొత్తది కట్టాలి, లక్షన్నర అవుతుందన్నాడు. అమెరికాలో ఉన్న అన్నయ్య "ఇక్కడ దీనికి గ్రాంట్ ఇస్తారు, అక్కడా ఏదో ఒకటి ఉంటుంది, కనుక్కో" అన్నారు. ఈలోపు ఊళ్ళో ఒకాయన ఐదు వేలు చేతిలో పెడితే యాభై వేలు శాంక్షన్ చేయిస్తానంటున్నాడు. ఇంతే కదా.

సూటిగా చెప్తాను. ఉన్న సెప్టిక్ ట్యాంక్ పాడైతే కొత్తది కట్టుకోమని ఇంటి యజమాని ఖాతాలో డబ్బులు వేసే పథకం మన దగ్గర లేదు. లేని పథకానికి శాంక్షన్ ఎలా వస్తుంది? ఆ ఐదు వేలు ఇవ్వకండి. ఇక రెండో మాట, మీకు ఇదే ముఖ్యం. మీరు రాసిన లక్షణాలు చూస్తుంటే ట్యాంక్ పోయినట్టు లేదు. ట్యాంకులో మడ్డి పేరుకుపోయి ఉండాలి, లేదా దాని పక్కన ఉండే సోక్ పిట్, అంటే ట్యాంక్ నీళ్ళు భూమిలోకి ఇంకే గుంత, పూడిపోయి ఉండాలి, బహుశా రెండూనూ. ఆ రెంటికీ లక్షన్నర అక్కర్లేదు.

నేను ఆర్‌డబ్ల్యూఎస్‌లో, అంటే పల్లెల్లో తాగునీళ్ళు, పారిశుధ్యం చూసే ఇంజినీరింగ్ శాఖలో, సర్వీసంతా కావలి, కందుకూరు, కనిగిరి వైపే చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెలిసినవాళ్ళు పిలిస్తే వెళ్ళి చూసి చెప్తుంటాను. పిలిచినవాళ్ళలో ఎక్కువమంది మీలాగే ముందు సబ్సిడీ గురించి అడుగుతారు, మూత తీసి లోపల ఏముందో చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

ముందు మీ అన్నయ్య మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో ఐదిళ్ళలో ఒకటికి పైగా సెప్టిక్ మీదే నడుస్తాయి. అక్కడి వ్యవసాయ శాఖ 504 సెక్షన్ కింద, బాగా తక్కువ ఆదాయం ఉండి 62 ఏళ్ళు దాటిన పల్లెటూరి ఇంటి యజమానులకు రిపేర్ల కోసం 10,000 డాలర్ల దాకా గ్రాంట్ ఇస్తుంది, వయసు తక్కువైతే ఒక శాతం వడ్డీకి అప్పు ఇస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం 2017 చట్టంతో ప్రత్యేకంగా సెప్టిక్ మార్పిడి నిధి పెట్టింది, ఖర్చులో సగం, 10,000 డాలర్లకు మించకుండా ఇవ్వడంతో మొదలైంది. ఐర్లండ్‌లో 2024 నుంచి ఖర్చులో 85 శాతం, 12,000 యూరోల దాకా. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అక్కడ ఆ డబ్బు వెనక ఒక లెక్క ఉంది. ఇంటి ట్యాంక్ కారితే పక్కనున్న చెరువు, పక్కింటి బోరు పాడవుతాయి, కాబట్టి అది ఊరి సమస్య అని వాళ్ళు ఒప్పుకున్నారు. అందుకే నీళ్ళ వనరులకు దగ్గరగా ఉన్న ఇళ్ళకు ముందు చోటు. మన దగ్గర "మరుగుదొడ్డి ఉందా లేదా" అనే లెక్క దగ్గరే పథకాలు మొదలయ్యాయి. గోతిలోకి పోయాక ఏమవుతుందన్నది చాలాకాలం ఎవరి పద్దులోనూ లేదు.

మన సంగతికి వద్దాం. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్‌లో మరుగుదొడ్డి లేని అర్హులైన ఇంటికి 12,000 రూపాయలు. అందులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళు. బీపీఎల్ కుటుంబాలు, ఎస్సీ ఎస్టీలు, సన్న చిన్నకారు రైతులు, ఇల్లు ఉండి పొలం లేని కూలీలు, దివ్యాంగులు, ఆడవాళ్ళే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు దీనికి అర్హులు. 2020-21లో రెండో దశ మొదలైనా ఈ 12,000 కొత్తగా వేరుపడ్డ కుటుంబాలకూ, మొదట తప్పిపోయినవాళ్ళకూ మాత్రమే. ఒకసారి తీసుకున్న ఇంటికి మళ్ళీ రాదు, ముందే సొంతంగా కట్టుకున్న ఇంటికీ రాదు. మీది 1998 నాటి ఇల్లు, మరుగుదొడ్డి ఉన్న ఇల్లు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును అడిగినా ఇదే చెప్తారు. ఒకే గుంత ఉన్నవాళ్ళు పక్కన రెండో గుంత కట్టుకోండి అని ప్రచారం బాగా చేశారు, అది మంచి మాటే, కానీ ఖర్చు ఇంటివాళ్ళదే.

ఒక సందు మాత్రం ఉంది. ఆ స్థలంలోనే తమ్ముడో కొడుకో వేరు కాపురం పెట్టి, వాళ్ళకు వేరే రేషన్ కార్డు ఉండి, వాళ్ళ వాటాలో మరుగుదొడ్డి లేకపోతే వాళ్ళు కొత్త కుటుంబంగా అడగొచ్చు. అలాగే ఎవరికైనా పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద ఇల్లు వస్తే, ఇంటికిచ్చే 1,20,000 కాక మరుగుదొడ్డి 12,000 దానికి తోడవుతుంది. పాత ఇంటికి రిపేరు కోసం కాగితం మీద కొత్త కాపురం సృష్టించేవాళ్ళూ ఉన్నారు. ఫోటో, లొకేషన్ ట్యాగ్ పెట్టే రోజుల్లో ఆ తలనొప్పి ఎందుకు.

ఇక ఊరి పేరు మీద వచ్చే డబ్బు ఉంది, దీని గురించి ఎవరూ అడగరు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం కట్టేసిన నిధులు. సగం తాగునీళ్ళకు, సగం పారిశుధ్యానికి ఖర్చు పెట్టాలి తప్ప ఇంకో పనికి మళ్ళించకూడదు. స్వచ్ఛ భారత్ రెండో దశలో సెప్టిక్ మడ్డిని శుద్ధి చేసే ఏర్పాటుకు జిల్లా స్థాయిలో తలకు 230 రూపాయల దాకా, ఇళ్ళల్లో వాడి వదిలేసిన నీళ్ళ పనులకు 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకు 280 దాకా పెట్టారు. ఇవేవీ మీ ఇంట్లోకి రావు. కానీ మీ సందులో పదిళ్ళ ట్యాంకుల నీళ్ళు సైడు కాలువలోకి వదులుతున్నారనుకోండి, ఊరి సోక్ పిట్ అడగొచ్చు, కాలువ చివర శుద్ధి గుంట అడగొచ్చు, మండలానికో ట్యాంకర్ బండి అడగొచ్చు. ఒక్కరు వెళ్ళి "మా ట్యాంక్" అంటే తిప్పి పంపుతారు. సందు మొత్తం సంతకాలు పెట్టి గ్రామసభలో రాయించి, పని ఎస్టిమేట్ దాకా వచ్చేలా ఎంపీడీఓ ఆఫీసు చుట్టూ తిరిగితే కదిలిన ఊళ్ళు నేను చూశాను. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రశీదు నంబరు ఉంటే కనీసం జవాబు రాయాల్సి వస్తుంది.

అప్పు సంగతి. బ్యాంకులో ఇంటి మరుగుదొడ్డి కట్టడానికీ బాగుచేయడానికీ ఇచ్చే అప్పు రిజర్వ్ బ్యాంక్ లెక్కలో ప్రాధాన్య రంగం కిందకి వస్తుంది. మేనేజరు "దీనికి లోన్ లేదు" అంటే ఈ మాట చెప్పండి. ఇంకా సులువైన దారి అమ్మగారో వదినగారో డ్వాక్రా గ్రూపులో ఉంటే గ్రూపు అప్పు లేదా స్త్రీనిధి. నలభై యాభై వేల పనికి ప్రైవేటు వడ్డీకి పోవద్దు.

డబ్బుల కథ అంతే. ఇప్పుడు గోతిలోకి దిగుదాం, అంటే మాటకే, నిజంగా ఎవరూ దిగకూడదు, దాని గురించి చివర్లో చెప్తాను.

సెప్టిక్ ట్యాంక్ చేసే పని చాలా చిన్నది. బరువైంది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న నీళ్ళు అవతలి గొట్టంలోంచి సోక్ పిట్‌కి పోతాయి. కాబట్టి సెప్టిక్ ట్యాంక్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఖాళీ చేయించిన కొన్నాళ్ళకే మళ్ళీ నిండిందని ట్యాంకర్ వాడితో గొడవ పెట్టుకున్నవాళ్ళు ఎందరో. వాడు మోసం చేయలేదు, అది అలాగే ఉండాలి.

మీరు చేయాల్సింది ఇది. ఎండ పడ్డ రోజు అవుట్‌లెట్ వైపు, అంటే నీళ్ళు బయటికి పోయే వైపు, మూత తీయించి, దూరంగా నిలబడి కాసేపు గాలి ఆడనివ్వండి. అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. తర్వాత నీళ్ళు ఎక్కడున్నాయో చూడండి. అవుట్‌లెట్ గొట్టం అడుగు అంచుకి సరిగ్గా ఉంటే ట్యాంక్ బాగున్నట్టే. గొట్టం మునిగిపోయి దాని పైకి నీళ్ళుంటే సోక్ పిట్ నీళ్ళు తీసుకోవట్లేదని అర్థం. గొట్టం కన్నా బాగా కిందకి ఉంటే అప్పుడు మాత్రం ట్యాంక్ కారుతోంది, అదొక్కటే మేస్త్రీ మాటకు కాస్త బలం. ఇంకా, పొడుగాటి కర్రకి చివర మూడు నాలుగు అడుగులు పాత తెల్ల టవల్ చుట్టి, అడుగు తగిలేదాకా దించి, రెండు నిమిషాలు ఉంచి మెల్లగా పైకి లాగండి. టవల్ మీద నల్లగా చిక్కగా పట్టిన మేర మడ్డి, పైన లేత రంగున్న మేర నీళ్ళు. మడ్డి నీళ్ళ లోతులో మూడో వంతు దాటితే తీయించాల్సిందే. మామూలుగా రెండు మూడేళ్ళకు ఒకసారి తీయించాలి. 1998 నుంచి మీరు ఎన్నిసార్లు తీయించారో రాయలేదు. మన వైపు ఇళ్ళల్లో నేను వినే జవాబు "మాది పెద్ద ట్యాంక్ అండీ, ఇంతవరకు నిండలేదు" అని. నిండలేదు కాదు, మడ్డి సోక్ పిట్‌లోకి వెళ్ళిపోతోంది. పిట్ గోడల సందులు మూసుకుపోయేది అలాగే.

పెద్ద ట్యాంక్ అంటే గుర్తొచ్చింది. మన ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురున్న ఇంటికి లోపలి కొలత 1.5 మీటర్లు పొడవు, 0.75 వెడల్పు, మీటరు నీళ్ళ లోతు చాలు. పదిమందికి కూడా 2 మీటర్లు, 0.9 వెడల్పు. మేస్త్రీలు గది అంత కడతారు, పైగా అడుగున కాంక్రీటు వేయరు, "భూమి తాగేస్తుంది" అంటారు. అడుగు లేనిది సెప్టిక్ ట్యాంక్ కాదు, పెద్ద ఇంకుడు గుంత. మీది అలాంటిదో కాదో కర్ర దించినప్పుడే తెలుస్తుంది, గట్టిగా టక్కున తగలాలి. అడుగు లేకపోతే నేను పైన చెప్పిన లెక్కలు పనిచేయవు, అప్పుడు నిజంగానే కొత్తది కట్టాలి, అదీ చిన్నదే.

మీ ఇంట్లో సమస్య వానల్లోనే వస్తోందన్నారు, అందుకే నాకు సోక్ పిట్ మీద అనుమానం. మన నెల్లూరు జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఇసుక నేలల్లో ఆ మూడు నెలలు భూమిలో నీళ్ళు చేతికందేంత పైకి వస్తాయి. పక్కన వరి మడో రొయ్యల గుంటో ఉంటే ఇంకా పైకి. ఎనిమిది అడుగుల వరల గుంత అప్పుడు కిందనుంచే నిండి ఉంటుంది, మీరు వదిలే నీళ్ళు ఎక్కడికి పోతాయి, వెనక్కే వస్తాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఇలాంటి ఫోన్లు నాకు వరసపెట్టి వచ్చాయి, జనవరి దాటాక అందులో చాలా ఇళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. ఆ హడావుడిలో ట్యాంక్ పగలగొట్టించుకున్నవాళ్ళకు మాత్రం మళ్ళీ వాన వచ్చేసరికి అదే కథ, ఎందుకంటే కొత్త ట్యాంక్ నీళ్ళూ ఆ పాత గుంతలోకే పోయాయి.

దీనికి మందు లోతు తగ్గించడం. వానాకాలంలో పక్క బావిలో నీళ్ళు ఏ మట్టానికి వస్తాయో చూసి, దానికి బాగా పైన ఉండేలా రెండు మూడు అడుగుల లోతులో పొడుగాటి కందకం తీసి, కంకర పరిచి, చిల్లులున్న గొట్టం వేసి, మళ్ళీ కంకర, పైన మట్టి. దొడ్డి ఉన్న పల్లె ఇంట్లో దీనికి చోటు దొరుకుతుంది. తాగే బావికీ బోరుకీ 18 మీటర్లు దూరం ఉండాలి. ఇది తప్పనిసరి, మీది కాకపోతే పక్కింటివాళ్ళ బోరు కూడా లెక్కే.

ప్రకాశం వైపు చదివేవాళ్ళకు వేరే మాట. దర్శి వైపు నల్లరేగడిలో ఒక మాస్టారి ఇంటికి వెళ్ళాను, మూడు సోక్ పిట్లు తవ్వించారు, మూడూ నిండి బావుల్లా నిలబడ్డాయి. ఆ నేల తాగదు, నాలుగో గుంత తవ్వినా అంతే. తవ్వే ముందు పరీక్ష ఉంది. చిన్న గుంత తీసి, రాత్రంతా నీళ్ళు పోసి నానబెట్టి, మర్నాడు నీళ్ళు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. అరగంట లోపైతే సోక్ పిట్ సరే, గంట లోపైతే కందకం, గంట దాటితే రెండూ దండగ. అలాంటి చోట ట్యాంక్ తర్వాత కంకర నింపిన ఇంకో గది కట్టి, కిందనుంచి పైకి నీళ్ళు ఎక్కేలా ఫిల్టర్ చేయాలి. మాస్టారి ఇంట్లో అదే కట్టించాం, వచ్చిన నీళ్ళని అరటి చెట్లకు మళ్ళించారు. ఇక కనిగిరి, పొదిలి వైపు రాతి నేలల్లో గుంత బాగా పనిచేస్తోందని సంతోషపడకండి. రాతి పగుళ్ళలోంచి ఆ నీళ్ళు శుభ్రం కాకుండానే బోరుకి చేరతాయి. ఫ్లోరైడ్ గురించి భయపడి ఆర్ఓ పెట్టుకున్న ఇళ్ళల్లోనే బోరుకి ఇరవై అడుగుల్లో గుంత చూశాను.

పని చేయించే వరస చెప్తాను, మీ ఇంటికి. ఇప్పుడు వానల్లో ఏదీ ముట్టుకోకండి. నేలలో నీళ్ళు పైకి ఉన్నప్పుడు ట్యాంక్ మొత్తం తోడేస్తే కిందనుంచి వచ్చే ఒత్తిడికి అడుగు పగులుతుంది, బాగున్న ట్యాంక్ పాడయ్యేది అప్పుడే. ఫిబ్రవరి తర్వాత మడ్డి తీయించండి. అవుట్‌లెట్‌కి ఇంగ్లీషు T ఆకారం గొట్టం ఉందా, అది నీళ్ళలో ఒక అడుగు లోతుకి దిగిందా చూసుకోండి, లేకపోతే వేయించండి, కొన్ని వందల పని. వాషింగ్ మెషీన్, స్నానాల నీళ్ళు ట్యాంకులోకి పోతుంటే వాటిని విడదీసి వేరే ఇంకుడు గుంతకి పంపండి, ట్యాంక్ మీద భారం అక్కడే సగం తగ్గుతుంది. యాసిడ్, ఫినాయిల్ బకెట్లకొద్దీ పోయడం ఆపండి. అన్నీ అయ్యాక కూడా వచ్చే కార్తీకంలో వెనక్కి తంతే అప్పుడు కందకం. ఈ వరసలో వెళ్తే ఖర్చు లక్షన్నర దరిదాపుల్లోకి రాదు.

గ్రాంట్ 12,000తో కొత్తగా కట్టుకుంటున్న మీ చుట్టాలెవరైనా ఉంటే సెప్టిక్ కాకుండా రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకోమనండి. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు వదిలేస్తే లోపలిది మట్టిలా మారుతుంది, ట్యాంకర్ అవసరమే లేదు. కానీ దానికి వాలు ఎక్కువున్న పల్లెటూరి బేసిన్ వేయాలి, చెంబున్నర రెండు చెంబుల నీళ్ళతో పోయేది. పైన పది లీటర్ల ఫ్లష్ ట్యాంక్ బిగించి కింద రెండు గుంతలు కడితే అవీ మునుగుతాయి. నెల్లూరు టౌన్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ముందు మీ వీధికి భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ వచ్చిందో రాబోతోందో కార్పొరేషన్‌లో కనుక్కుని ఆ తర్వాతే సెప్టిక్ మీద ఖర్చు పెట్టండి.

చివరిగా, దిగడం గురించి. ట్యాంకర్ వాళ్ళు గొట్టంతో లాగాక "అడుగున గట్టిపడింది, మనిషి దిగి తీయాలి, ఇంకో వెయ్యి ఇవ్వండి" అంటారు. ఒప్పుకోకండి. లోపల ఉండే గ్యాస్ రెండు ఊపిరుల్లో మనిషిని పడేస్తుంది, కాపాడబోయి దిగినవాడూ పోతాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. గట్టిపడితే నీళ్ళు కొట్టి కలిపి మళ్ళీ లాగమనండి, లేదంటే కాస్త మిగిలినా వదిలేయండి. మెషీన్ ఉన్న బండి దొరక్కపోతే ట్యాంక్ మడ్డి తీయించే హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయండి. బండివాడు మడ్డిని ఎక్కడ పోస్తున్నాడో కూడా అడగండి, ఊరి చెరువు గట్టున పోస్తే మళ్ళీ మనమే తాగాలి.

మూత తీయించిన రోజు టవల్ మీద మడ్డి ఎన్ని అంగుళాలు పట్టింది, నీళ్ళు గొట్టానికి పైనా కిందా, పక్క బావిలో నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఈ మూడూ ఇక్కడే రాయండి. కందకం ఎంత పొడుగు కావాలో చెప్తాను.